చిన్న దానం – సరియైన మోతాదు

మా కాలనీలో నివసించే విశ్రాంత ఉపాధ్యాయిని ఒకరు గత నెలలో ఉదయపు నడక ముగించుకొని వెళ్తూ మా గేటు దగ్గర ఆగి నన్ను ఒక ప్రశ్న అడిగారు. “డాక్టరుగారూ, పేద దేశాలలో పిల్లలకూ, ఆడవాళ్ళకూ వైద్యం చేయిస్తామని ఒక సంస్థవారు కాగితం పంపారు. నాకు వచ్చేది పింఛను. నెలకు ఐదు వందలకు మించి ఇవ్వలేను. అంతమాత్రం ఇస్తే నా మనసుకు తృప్తి తప్ప అక్కడివాళ్ళకు ఒరిగేదేమైనా ఉంటుందా?”

ఆలోచించి చెబుతానన్నాను. ఈ ప్రశ్న ఆవిడ ఒక్కరిదే కాదు, ఈ వ్యాసాలు చదివే మీలో చాలామందిది కూడా అయి ఉంటుంది కనుక ఆ సమాధానాన్ని ఇక్కడ వ్రాస్తున్నాను.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. చిన్న దానం చిన్న మోతాదు మందు వంటిది. మందు చేరవలసిన చోటికి చేరాలి. రోగానికి తగినదై ఉండాలి. క్రమం తప్పకుండా పడాలి. ఈ మూడూ కుదిరితే కొద్దిపాటి మందు ప్రాణం నిలుపుతుంది. ఏ ఒక్కటి లోపించినా వృథా అవుతుంది, ఒక్కొక్కసారి హాని కూడా చేస్తుంది. దానం సంగతీ అంతే. ఇచ్చిన మొత్తం పెద్దదా చిన్నదా అన్నది ఆ తరువాతి మాట.

ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వలన కలగలేదు. 1970ల చివరలో నేను ఒక జిల్లా ఆసుపత్రిలో స్త్రీల వార్డులో పనిచేసేవాడిని. ఒకనాడు పంతొమ్మిదేళ్ళ అమ్మాయిని ఆమె మామగారు తీసుకువచ్చారు. మూడు రోజులు కాన్పు కష్టపడి, చివరకు మరణించిన బిడ్డను కన్నది. ఆ తరువాత వారం రోజులకు మూత్రం ఆమె ప్రమేయం లేకుండా కారిపోవడం మొదలైంది. బస్సులో సీటు తడిసిందని కండక్టరు దారిలో దింపివేస్తే, మిగిలిన దూరం ఎడ్లబండి మీద వచ్చారు. పరీక్షించి చూస్తే మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం ఏర్పడి ఉన్నది. గాయపడిన కండ గట్టిపడేదాకా ఆగి శస్త్రచికిత్స చేయడం ఆనాటి పద్ధతి. మూడు నెలల తరువాత రమ్మన్నాము. ఆపరేషను ఉచితమనీ, మందులు ఉచితమనీ, భోజనం కూడా ఉచితమేననీ రెండుసార్లు చెప్పాము. చేయగల శస్త్రవైద్యులు మా ఆసుపత్రిలోనే ఉన్నారు.

ఆ అమ్మాయి తిరిగి రాలేదు.

తరువాత సంవత్సరం కుటుంబ నియంత్రణ శిబిరం కోసం ఆ ప్రాంతానికి వెళ్ళినప్పుడు ఆ మామగారు కనిపించారు. ఎందుకు తీసుకురాలేదని కొంచెం కోపంగానే అడిగాను. “ఆపరేషనుకి డబ్బులక్కర్లేదన్నారు గానీ, బస్సోడు ఊరుకుంటాడా బాబూ?” అన్నాడాయన. ఇద్దరికి రానుపోను పద్దెనిమిది రూపాయలు. పైగా తోడు వచ్చినవారికి రెండు వారాల కూలి పోతుంది. అమ్మాయిని పుట్టింటికి పంపివేశారట. ఆ పుట్టిల్లు ఎక్కడో నేను ఆనాడు అడగలేదు. అడగకపోవడం నా వృత్తి జీవితంలో నేను చేసిన తప్పులలో ఒకటని ఈనాటికీ అనుకుంటాను.

ఆనాడు నా జేబులో ఆ పద్దెనిమిది రూపాయలు ఉన్నాయి. ఉచిత వైద్యం అంటే వైద్యం అందినట్లేనని నమ్మిన వయసు కనుక, ఇవ్వాలన్న ఊహే నాకు కలగలేదు.

ఇంతకూ ఆ అమ్మాయికి వచ్చిన వ్యాధి ఏమిటో పాఠకులు తెలుసుకోవాలి. దీనిని ప్రసూతి ఫిస్టులా అంటారు. తల్లి కటివలయం ఇరుకైనా, బిడ్డ అడ్డం తిరిగినా కాన్పు ముందుకు సాగదు. సకాలంలో సిజేరియన్ శస్త్రచికిత్స జరిగితే తల్లీ బిడ్డా ఇద్దరూ బ్రతుకుతారు. జరగకపోతే బిడ్డ తల రోజుల తరబడి మూత్రాశయాన్ని తల్లి ఎముకకు అదిమిపెట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడి వలన అక్కడి కండకు రక్తప్రసరణ ఆగిపోతుంది. బిడ్డ చాలావరకు లోపలే మరణిస్తుంది. కొద్ది రోజులకు చచ్చిన కండ ఊడిపోయి రంధ్రం మిగులుతుంది. ఇక రాత్రింబవళ్ళు మూత్రం కారుతూనే ఉంటుంది. కొందరిలో మలాశయానికి కూడా రంధ్రం పడుతుంది. నరాలు నలిగి పాదం చచ్చుబడి నడవలేని వారూ ఉంటారు. తొడలపై చర్మం ఒరుస్తుంది, దుర్వాసన వదలదు. దుర్వాసన భయంతో నీళ్ళు త్రాగడం తగ్గిస్తారు. అందువలన మూత్రం చిక్కబడి వాసన ఇంకా పెరుగుతుంది, రాళ్ళు కూడా ఏర్పడవచ్చును. భర్త విడిచిపెడతాడు, ఊరు దూరంగా ఉంచుతుంది. బిడ్డను పోగొట్టుకున్న దుఃఖం వీటన్నిటికీ అడుగున ఉంటుంది.

ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా ప్రకారం నేటికీ ప్రపంచంలో సుమారు 5 లక్షల మంది స్త్రీలు ఈ వ్యాధితో జీవిస్తున్నారు. వీరిలో అత్యధికులు సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాలలోనూ, ఆసియాలోని పేద ప్రాంతాలలోనూ ఉన్నారు. ఈ వ్యాధి గురించి తెలియజెప్పడానికి 2013 నుండి ప్రతి సంవత్సరం మే 23వ తేదీని ప్రసూతి ఫిస్టులా నిర్మూలన దినంగా పాటిస్తున్నారు. ఇది పూర్తిగా నివారించదగిన వ్యాధి. వచ్చిన తరువాత కూడా అనుభవజ్ఞులైన వైద్యుల చేతిలో చాలామందికి నయమవుతుంది.

ఆ అమ్మాయి తిరిగి రాని కారణం నాకు తెలిసిన చాలా ఏళ్ళకు, ఇథియోపియాలోని ఒక ఆసుపత్రి గురించి చదివాను. క్యాథరిన్ హామ్లిన్ ఆస్ట్రేలియా దేశస్థురాలు, ఆమె భర్త రెజినాల్డ్ న్యూజిలాండ్ దేశస్థుడు. ఇద్దరూ ప్రసూతి వైద్యులే. ప్రసూతి నర్సుల శిక్షణశాల నెలకొల్పడానికి వైద్యులు కావాలన్న ప్రకటన చూసి, 1959లో మూడేళ్ళ ఒప్పందం మీద అడిస్ అబాబా నగరానికి వెళ్ళారు. అక్కడ ఫిస్టులా రోగులను చూసిన తరువాత వారు తిరిగి వెళ్ళిపోలేకపోయారు. 1974లో కేవలం ఈ రోగుల కోసం అడిస్ అబాబా ఫిస్టులా ఆసుపత్రిని ప్రారంభించారు. చక్రవర్తి హైలే సెలాసీ పదవీచ్యుతుడైన సంవత్సరం కూడా అదే. తరువాత సైనిక పాలన, కరవు, అంతర్యుద్ధం అన్నీ వచ్చాయి, అయినా ఆసుపత్రి మూతపడలేదు. రెజినాల్డ్ 1993లోనూ, క్యాథరిన్ 96 ఏళ్ళ వయసులో 2020 మార్చిలోనూ మరణించారు. వారు నెలకొల్పిన వ్యవస్థలో ఇప్పటికి 60,000 మందికి పైగా స్త్రీలు చికిత్స పొందారు. ఎవరివద్దా రుసుము తీసుకోరు. ఖర్చులో పెద్ద భాగం ఆస్ట్రేలియా మొదలైన దేశాలలోని దాతలు పంపే విరాళాల నుండి వస్తుంది.

నన్ను ఆపి ఆలోచింపజేసిన విషయం రోగుల సంఖ్య కాదు. నయమై వెళ్ళే స్త్రీకి ఆ ఆసుపత్రివారు ఒక కొత్త దుస్తు తొడిగి, ఇంటికి చేరడానికి బస్సు చార్జీ చేతికిచ్చి పంపుతారని చదివాను. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసివేశాను. మా వార్డులో శస్త్రవైద్యుడు ఉన్నాడు, పరికరాలు ఉన్నాయి, మంచం ఉన్నది. బస్సు చార్జీ మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. హామ్లిన్ దంపతులు ఆ బస్సు చార్జీని కూడా చికిత్సలో భాగంగా లెక్కించారు.

అక్కడ చికిత్స పొందినవారిలో మమీతు గాషె అనే ఆమెను గురించి కూడా చెప్పాలి. 1960ల ప్రారంభంలో రోగిగా వచ్చినప్పుడు ఆమెకు చదవడం, వ్రాయడం రాదు. వార్డులో పక్కలు సర్దుతూ, శస్త్రచికిత్సలలో సహాయపడుతూ, క్రమంగా తానే ఫిస్టులా శస్త్రచికిత్సలు చేసే నేర్పు సంపాదించింది. 1989లో ఇంగ్లండులోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ హామ్లిన్ దంపతులతో పాటు ఆమెకు కూడా స్వర్ణపతకం ఇచ్చి గౌరవించింది. సహాయం పొందినవారు ఎప్పటికీ చేయి చాచేవారుగానే మిగిలిపోతారని అనుకునేవారు ఈమెను గుర్తుంచుకోవాలి.

ఈ శస్త్రచికిత్స పుట్టుకలో ఒక చేదు నిజం కూడా ఉన్నది. దీనిని తొలిగా విజయవంతం చేశాడని వైద్య గ్రంథాలు కీర్తించే అమెరికన్ వైద్యుడు మారియన్ సిమ్స్, 1840లలో అలబామా రాష్ట్రంలో నల్లజాతి బానిస స్త్రీలపై మత్తుమందు లేకుండా ప్రయోగాలు చేసి ఈ పద్ధతిని నేర్చుకున్నాడు. వారిలో అనార్కా అనే యువతి సుమారు 30 శస్త్రచికిత్సలను భరించింది. ఆ నేర్పుతో 1855లో న్యూయార్క్ నగరంలో స్త్రీల ఆసుపత్రి తెరిచారు. కాలక్రమంలో అమెరికాలో ప్రసవాలు సురక్షితమై ఫిస్టులా రోగులు కనుమరుగయ్యారు. ఆ ఆసుపత్రి ఒకప్పుడు ఉన్న స్థలంలో ఈనాడు వాల్డార్ఫ్ అస్టోరియా అనే ప్రఖ్యాత హోటలు ఉన్నదని చెబుతారు. ఎవరి శరీరాల మీద ఈ వైద్యం నేర్చుకున్నారో, ఆ స్త్రీల పూర్వీకుల ఖండానికే ఈ వైద్యం అందరికంటే ఆలస్యంగా చేరింది. ఈ విద్య వలన మేలు పొందిన వైద్యలోకమంతా వారికి ఋణపడి ఉన్నదని నేను భావిస్తాను. అందుచేత ఈ విషయంలో దానం అనే మాటకంటే బాకీ అనే మాట నాకు ఎక్కువ సరిపోతుందనిపిస్తుంది.

ఇక మోతాదు సంగతికి వద్దాము.

మొదటిది, చేరవలసిన చోటికి చేరడం. మన దేశం ఈ పాఠాన్ని ఆలస్యంగానైనా నేర్చుకున్నది. 2005లో జననీ సురక్షా యోజన మొదలై, ఆసుపత్రిలో ప్రసవించే పేద తల్లులకు కొంత నగదు ఇవ్వసాగారు. అదే సంవత్సరం మన రాష్ట్రంలో 108 అంబులెన్సులు రోడ్డెక్కాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 2005–06లో దేశంలో ఆసుపత్రి ప్రసవాలు 38.7 శాతం. 2019–21 నాటికి అవి 88.6 శాతానికి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో నేడు నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుతున్నాయి. ఇందుకు రోడ్లు, చదువు, ఆదాయం వంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. కాని మా కాలంలో లెక్కకు రాని బస్సు చార్జీని ప్రభుత్వం లెక్కలోకి తీసుకోవడం కూడా వాటిలో ఒకటి. ఆ శక్తి ఇంకా లేని దేశాలలో ఆ లోటును పూడ్చగలిగేది దూరం నుండి వచ్చే చిన్న చిన్న విరాళమే. దానం ప్రభుత్వానికి బదులు కాదు. ప్రభుత్వ హస్తం చేరేదాకా రోగిని బ్రతికించి ఉంచే సెలైను వంటిది.

రెండవది, తగినది ఇవ్వడం. మన ఇంట్లో మిగిలినది వారికి అవసరమైనది కాకపోవచ్చును. 2004 డిసెంబరు సునామీ తరువాత ఇండోనేషియాలోని ఆచే ప్రాంతానికి ప్రపంచం నలుమూలల నుండి సుమారు 4,000 టన్నుల మందులు వచ్చిపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం ఆ దేశపు అత్యవసర మందుల జాబితాలో లేనివి, చాలావాటి మీద వివరాలు అక్కడివారికి తెలియని భాషలలో ఉన్నాయి. వాటిని వేరుచేయడం, నాశనం చేయడం ఆ బాధితులకు మరొక భారమైంది. 2006లో అదే దేశంలోని యోగ్యకర్తా ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు దాతలు పసిపిల్లలకు పాలపొడి డబ్బాలు పంచారు. శుభ్రమైన నీరు లేని శిబిరాలలో ఆ పొడి కలిపి పట్టారు. తరువాత జరిపిన పరిశీలనలో, ఆ పాలపొడి అందుకున్న పిల్లలలో నూటికి 25 మందికి, అందుకోనివారిలో నూటికి 12 మందికి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయని తేలింది. ఇచ్చినవారంతా మంచివారే. తల్లిపాలు పోషించగల బిడ్డకు మన జాలి అతిసారాన్ని ఇచ్చింది. కాబట్టి మిగిలిన మందులు, పాలడబ్బాలు, పాత బట్టలు మూటగట్టి దూరదేశాలకు పంపవద్దు. అవసరమైనది అక్కడే కొనుక్కునేటట్లు సొమ్ము పంపడం మేలు.

మూడవది, క్రమం తప్పకపోవడం. తీవ్రమైన పోషకాహార లోపంతో శుష్కించిన పిల్లలకు నేడు ఆఫ్రికాలోనూ, ఇతర పేద దేశాలలోనూ ఇస్తున్న ముద్ద ఒకటి ఉన్నది. వేరుశనగ, పాలపొడి, నూనె, చక్కెర, విటమినులు, ఖనిజ లవణాలు కలిపి తయారుచేస్తారు. మన పల్లీపట్టీకి దూరపు బంధువనుకోండి. ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఆంద్రే బ్రియాన్ 1990లలో దీనిని రూపొందించాడు. 92 గ్రాముల పొట్లంలో సుమారు 500 క్యాలరీల శక్తి ఉంటుంది. నీళ్ళు కలపనక్కరలేదు, వండనక్కరలేదు. తేమ లేనందువలన సూక్ష్మజీవులు సులభంగా పెరగవు. పూర్వం ఇటువంటి పిల్లలను వారాల తరబడి ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చేది. తల్లి ఇంటిదగ్గర ఇతర పిల్లలను విడిచి రాలేక బిడ్డను మధ్యలోనే తీసుకొనిపోయేది. ఇప్పుడు ఇతర జబ్బులు లేక, ఆకలి ఉన్న బిడ్డకు ఇంటివద్దనే చికిత్స జరుగుతున్నది. ఒక బిడ్డ కోలుకోవడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు, సుమారు 150 పొట్లాలు కావాలి. వాటి ఖరీదు దాదాపు 50 డాలర్లు.

ఆరు వారాల చికిత్సలో మూడవ వారానికి పొట్లాలు అయిపోతే ఏమవుతుందో వైద్యుడు చెప్పనక్కరలేదు. కోలుకుంటున్న బిడ్డ మళ్ళీ క్రుంగిపోతుంది. విపత్తు వచ్చి టెలివిజనులో దృశ్యాలు కనిపించినప్పుడు విరాళాలు వరదలా వస్తాయి, దృశ్యాలు ఆగగానే ఎండిపోతాయి. కాని ఫిస్టులా స్త్రీ గుడిసె ముందుకు ఏ కెమెరా వెళ్ళదు. పోషకాహార లోపం భూకంపంలా ఒక్కరోజులో రాదు. వీరికి పనికివచ్చేది ఒకనాటి ఆవేశం కాదు, నెలనెలా తప్పకుండా అందే కొద్దిపాటి సొమ్ము. వచ్చే సంవత్సరం ఎంత వస్తుందో తెలిస్తేనే ఆసుపత్రి ఒక నర్సును నియమించగలుగుతుంది, పొట్లాలు ముందుగా తెప్పించగలుగుతుంది. రక్తపోటు మాత్ర రోజుకొకటి వేసుకొమ్మంటే, నెలకు సరిపడా ముప్ఫై ఒకేసారి మింగేవారుండరు కదా!

మా ఉపాధ్యాయినిగారి నెలకు ఐదు వందలు, ఏడాదికి ఆరు వేల రూపాయలు. ఒక బిడ్డ చికిత్సకు కావలసిన పొట్లాల ఖరీదును మించిన మొత్తమది. వాటిని ఊరికి చేర్చే వాహనం, బిడ్డను తూచే కార్యకర్త జీతం వేరే ఉంటాయి, నిజమే. అయినా “అంతమాత్రం” అని తీసివేయదగిన మొత్తం కాదు.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వస్తాయి. రెండూ న్యాయమైనవే.

“మన దేశంలో పేదలు లేరా, పరాయి దేశానికెందుకు?” అన్నది మొదటిది. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి బిడ్డ చదువుకు ఇవ్వవలసినది మానివేసి ఇథియోపియాకు పంపమని నేను ఎన్నడూ చెప్పను. దగ్గరివారి బాధ్యత మనకు ముందున్నది. పది రూపాయలు పక్కన పెట్టగలిగితే ఎనిమిది దగ్గరివారికి, రెండు దూరపువారికి ఇమ్మని నా సలహా. ఆ రెండు రూపాయలు ఎందుకంటే, మనమూ ఒకప్పుడు దూరపువారమే కనుక. పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో మన దేశానికి వచ్చి గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు వైద్యం మొదలుపెట్టారు. 1898లో అక్కడ ఆసుపత్రి ప్రారంభమైంది. అమెరికాలోని లూథరన్ స్త్రీల సంఘాలు సేకరించి పంపిన విరాళాలు ఆమె పనికి ఆధారం. ఆ విరాళాలు ఇచ్చినవారిలో గుంటూరును కళ్ళతో చూసినవారు ఎందరుంటారు? పురుష వైద్యుని దగ్గరకు పోవడానికి సంకోచించి కాన్పులలో ప్రాణాలు పోగొట్టుకుంటున్న మన ముత్తవ్వలకు, ముఖం తెలియని ఆ స్త్రీలు పంపిన సొమ్ము అక్కరకు వచ్చింది. కుగ్లర్ పేరుతో ఆ ఆసుపత్రి గుంటూరు జిల్లావారికి నేటికీ పరిచితమే. “మన దేశంలో పేదలు లేరా?” అని ఆనాడు పెన్సిల్వేనియాలో కూడా ఎవరో ఒకరు అడిగే ఉంటారు.

“ఇచ్చిన సొమ్ము మధ్యలోనే కరిగిపోతుంది” అన్నది రెండవ ఆక్షేపణ. మోసాలు ఉన్నాయి, జాగ్రత్త అవసరం. కాని పరిపాలన ఖర్చు ఎంత తక్కువైతే సంస్థ అంత మంచిదనే లెక్క కూడా సరికాదు. ఫిస్టులా శస్త్రచికిత్స ఒకటి రెండు గంటలలో ముగుస్తుంది. తరువాత దాదాపు రెండు వారాలు మూత్రపు గొట్టం పూడిపోకుండా రాత్రింబవళ్ళు కనిపెట్టుకొని ఉండేది నర్సు. ఒక్క రాత్రి ఆ గొట్టం మూసుకుపోతే కుట్లు తెగి చికిత్స అంతా వ్యర్థం కావచ్చును. ఆ నర్సు జీతాన్ని వృథా ఖర్చు అనగలమా? కాబట్టి శాతాలు అడిగే ముందు ఏ పని, ఎవరికి, ఎంత ఖర్చుతో జరుగుతున్నదో అడగండి.

దానం చేయదలచినవారికి నేను సూచించే పద్ధతి ఇది. మొదట ఆ సంస్థ చేసే పని ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పగలదేమో చూడండి. “మహిళా సాధికారత” అంటే నాకు అర్థం కాదు, “ఫిస్టులాకు శస్త్రచికిత్స చేస్తాము” అంటే అర్థమవుతుంది. తనిఖీ చేయించిన జమాఖర్చులు, వార్షిక నివేదిక ప్రజలకు అందుబాటులో ఉన్నాయేమో చూడండి. విఫలమైన సంగతులను కూడా నివేదికలో వ్రాసే సంస్థను నేను ఎక్కువగా నమ్ముతాను. చికిత్సలో నూటికి నూరుపాళ్ళు ఫలితం చెప్పే వైద్యుడిని మీరు నమ్ముతారా? నగదుగా ఇవ్వకండి, బ్యాంకు ద్వారా పంపి రశీదు తీసుకోండి. 80జి పేరుతో మనకు పరిచితమైన పన్ను రాయితీ మన దేశంలో నమోదైన సంస్థలకిచ్చే విరాళాలకే వర్తిస్తుంది. విదేశీ సంస్థకు నేరుగా పంపేటప్పుడు బ్యాంకులో నిబంధనలు కనుక్కోండి. అమెరికా, ఆస్ట్రేలియాలలో ఉన్న మన పిల్లలకు ఈ పని మనకంటే సులభం. వారికి ఈ వ్యాసం చదివి వినిపించండి. ఫోనులో వచ్చిన లింకు నొక్కి, ఎవరో తెలియని ఖాతాకు మాత్రం సొమ్ము పంపకండి.

ఇంకొక మాట. ఎముకల గూడుగా మారిన పసివాని ఫొటో పెట్టి కన్నీరు రప్పించే ప్రకటనలను నేను ఇష్టపడను. వార్డులో రోగి ఫొటో అనుమతి లేకుండా తీయడం వైద్యనీతికి విరుద్ధం. పేదవాడైనంత మాత్రాన ఆ నీతి మారదు. నయమై వెళ్ళే స్త్రీకి కొత్త దుస్తు తొడిగి పంపేవారి పద్ధతి నాకు నచ్చడానికి కారణం అదే. ఆమె ఊరికి రోగిగా కాక, మనిషిగా తిరిగి వెళుతుంది.

వైద్య విషయాల వ్యాసం కనుక, మన ఇళ్ళకు సంబంధించిన హెచ్చరిక కూడా చేయాలి. మన రాష్ట్రాలలో ప్రసూతి ఫిస్టులా నేడు అరుదు, అయితే పూర్తిగా పోలేదు. తొలి కాన్పులో నొప్పులు గట్టిపడి పన్నెండు గంటలు దాటినా ప్రసవం ముందుకు సాగకపోతే ఇంటివద్ద ఒక్క నిమిషం కూడా వేచి ఉండరాదు. నొప్పులు మొదలుకాగానే ఆసుపత్రికి చేరడం అన్నిటికంటే మంచిది. 108కి ఫోన్ చేయండి. కష్టమైన కాన్పు తరువాత మూత్రం కారడం మొదలైతే సిగ్గుపడి దాచవద్దు. తొలి రోజులలోనే గొట్టం వేసి కొన్ని వారాలు ఉంచితే చిన్న రంధ్రాలు శస్త్రచికిత్స లేకుండానే మూసుకుపోయే అవకాశం ఉన్నది. కాన్పు పనితో సంబంధం లేకుండా, గర్భాశయం తొలగించే శస్త్రచికిత్స తరువాత కూడా అరుదుగా ఈ స్థితి రావచ్చును. ఎన్నేళ్ళు గడిచినా చికిత్స ఉన్నది.

ఈ విషయాలన్నీ మా ఉపాధ్యాయినిగారికి మొన్న చెప్పాను. ఆవిడ ఓపికగా విన్నారు. పద్దెనిమిది రూపాయల సంగతి దగ్గర కొంతసేపు మాట్లాడలేదు. లేచి వెళుతూ, “అయితే ఆ సంస్థవారికి ఉత్తరం వ్రాస్తాను డాక్టరుగారూ. ఆపరేషను ఎవరు చేస్తారన్నది కాగితంలో ఉంది. రోగిని ఊరినుంచి ఎవరు తీసుకొస్తారో, తిరిగి వెళ్ళడానికి బస్సు చార్జీ ఎవరిస్తారో లేదు. ముందు అది అడుగుతాను” అన్నారు.

మీరూ ముందు అదే అడగండి.